ఏడు దేశాలు విన్న మాట

నా మాటలు పట్టిన ఆ టేపు ఎక్కడుందో తెలవదంటే ఎట్టా మేష్టారూ? ఆ దొరల్ని మా గూడేనికి తోలుకొచ్చింది మీరేగా! ఆ దొరసాని అడిగినవన్నీ మాకు తెలుగులో చెప్పింది మీరేగా!

కూచోనులెండి. పిల్లోణ్ణి రూతమ్మత్తకి అప్పజెప్పి వచ్చా. ఒళ్లు పెనంలాగ కాలిపోతోంది, నన్ను గుర్తుపట్టటంలా. మాచర్ల కాంపౌండరు సూదేసి, ఇక గుంటూరు పెద్దాసుపత్రికే తీసకపొమ్మన్నాడు. అలీ సాహెబు నాపరాళ్ల లారీలో చోటు అడగటానికి వాళ్ల నాయన పోయాడు. ఈలోపు నేనిట్టా ఉరికొచ్చా.

ఆ రోజు మీరేమన్నారు? దేశదేశాల పెద్దలు ఒక్కటయ్యి, అన్నిచోట్లా ఇదే అడుగుతున్నారన్నారు. రెండువేల సంవత్సరానికి మీ ఊరు ఎట్టా ఉంటది, మీ పిల్లలు ఏమవుతారు అని. సాగర్ డాం కట్టేవాళ్లలాగ చానా ముందుచూపున్నోళ్లన్నారు. బానే ఉంది. కన్నబిడ్డ సంగతి అట్టా ఎవరన్నా అడుగుతారా? అడిగితే మాత్రం తల్లయినది చెబుతదా?

రూతమ్మత్త ఎంత ఒడుపుగా చెప్పిందో చూశారుగా! మా మనవడా, వాడు గొడ్లు కాయటానికి కూడా పనికిరాడంది. ఫిలోమినా ఏమో, మా పిల్ల బతికి బట్టకడితే చూద్దాంలే అంది. ఈ ఊరోళ్లకి రేపటి మీద ఆశే లేదని ఆ దొరసాని మొహం చిన్నబుచ్చుకుందంట. మీరే చెప్పి నవ్వారు. ఆశ లేకనా? ఉండబట్టే కదా అట్టా తిట్టుకునేది!

నా సంగతి మీకు తెలవందా? ఇద్దరు పోయాక పుట్టాడు వీడు. పుట్టంగానే పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్యన్నాం. అయ్యగారు బాప్తిస్మంలో పెట్టిన ఏలియా పేరు నేను గడప దాటనివ్వలా.

అట్టాంటిదాన్ని, ఆ టేపురికార్డరు నా మూతి ముందు పెట్టంగానే ఏమయిందో నాకు! మా ఏలియా పెద్ద డాక్టరవుతాడు, ఈ పల్నాడంతా వాడి చెయ్యి కోసం వస్తదన్నా. దొర ఆ మిషను తిప్పి మళ్లీ వినిపించాడు. నా గొంతే. నా కొడుకు పేరే.

ఇప్పుడేమో అది ఢిల్లీ దాటిపోయిందంటారు. ఏడు దేశాలోళ్లు మీటింగులో కూచుని వినుంటారంటారు. ముక్కూమొహం తెలవని అంతమంది చెవినపడితే దిష్టి తగలదా మేష్టారూ? మా వీధి దిష్టయితే ఉప్పూ మిరపకాయలు దిగదుడుస్తా. సముద్రాలవతల దిష్టి ఎవరు తీస్తారు?

ఏందీ, మూఢనమ్మకమా? అయ్యగారు కూడా అదే అన్నారు. మోకాళ్లేసి ప్రార్థన చేశారు, నేనూ చేశా. జ్వరం దిగలా.

మిమ్మల్ని అంటున్నాగానీ, మీరు నా నోరు పట్టి పలికించలేదులెండి. నాకే చెప్పాలనిపించింది. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్న మాట. నోరారా చెబుతుంటే ఎంత హాయిగా ఉందో! ఆ హాయి కోసం నా బిడ్డని నేనే బయటపెట్టుకున్నా.

సరే, ఆ టేపు ఇక రాదంటున్నారుగా. కాగితం తీయండి. దొరసానికి ఇంగ్లీషులో రాయండి. ఆ ఏడు దేశాలోళ్లకీ చదివి వినిపించమనండి. ఈ దయామణి తప్పు చెప్పిందని రాయండి. రెండువేల సంవత్సరానికి దాని కొడుకు ఉండడని రాయండి.

ఏందట్టా చూస్తారు? కలం ఎందుకాపారు? లారీ వచ్చేస్తది మేష్టారూ. కన్నతల్లిని, నేను చెబుతున్నా. ఉండడు. రాయండి.