మందు పంపు షవర్

ఖానాపూర్‌లో ఇంటి ముందు, లోపల పడక వేయించిన పాత వ్యాన్ దగ్గర మొగుడూ పెళ్లాల మాటలివి.

"గిదేందయ్యా, పత్తికి మందు కొట్టే పంపు వ్యాన్‌కు కట్టినవ్?"

"షవరే అది! తానానికి జాగ లేకుంటే యాత్రకు రానంటివి గద."

"నేను మనిషినా, పత్తి చెట్టునా?"

"ఫికర్ చెయ్యకు, కొత్త పంపు. దీంట్ల మందు పొయ్యనేలే. పొద్దుగాల నేను తానం గూడ చేసిన. గా ధారను జూసి కుంటాల జలపాతం సిగ్గుపడ్డది!"

"మరి పంపు కొట్టేదెవలు?"

"నువ్వు లోపట తానం చేస్తుంటే నేను బయట నిలవడి కొడుత."

"నా తలకు సబ్బున్నప్పుడు ఆపితే?"

"చేతులు ఊడిపడ్డా ఆప."

"మంచిగనే ఉంది. పొద్దుగాల నువ్వు చేసినప్పుడు ఎవలు కొట్టిన్రు?"

"గది... గాలికి దానంతటదే కొట్టుకున్నది."

"అట్లనా! అయితే సబ్బు పట్టుకొని లోపటికి నడువు. ఇప్పుడు నేను కొడుత. నురగంత పోయి బయటికొస్తే, యాత్రకు నేనొస్త."