వణికే బల్ల

కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటరు, దాని ముందు చిన్న కీబోర్డు, కీబోర్డు ఎడమ చివర బొటనవేలితో తిప్పే చక్రం ఉన్నాయి. వేళ్లు వణుకుతున్నాయని మూడేళ్లుగా వేణువు ముట్టని తాత, మనవరాలి వెనక నిలబడి, ఆమె కీలు నొక్కితే కంప్యూటరులోంచి వచ్చే వేణువు పాట వింటున్నాడు.

"ఇదేం వేణువే? మేక మెట్లు దిగుతున్నట్టుంది."

"అందుకే పిలిచాను తాతయ్యా. మధ్యాహ్నంలోగా ఈ పాట సినిమా మ్యూజిక్ డైరెక్టరుగారికి పంపాలి. నేను కీ నొక్కుతాను, నువ్వు చక్రం తిప్పు. స్వరం జారుతుంది."

"నేను స్వరం జారిస్తే రైలు గార్డు జెండా ఊపడం మరిచి అరగంట ఏడ్చాడు, తెలుసా?"

"పోయినసారి పావుగంటే అన్నావు. తిప్పు."

"వదిలితే దానంతటదే వెనక్కొచ్చేస్తోందే!"

"లోపల స్ప్రింగుంది. మెల్లగా వదులు... చెయ్యి వణుకుతోందా?"

"నా చెయ్యి కాదు, నీ బల్ల."

"సరే, బల్లే. ఇంకోసారి."

"చాలమ్మా. వణుకంతా తెర మీద గీతలా పడింది. చెరిపెయ్, నా పరువు తీయకు."

"ఒక్క మీట నొక్కితే గీత నున్నగా అయిపోతుంది."

"మరి నొక్కు!"

"నొక్కలేదు. అలాగే పంపేశాను."

తాత ఆమెతో మాటలు మానేశాడు. అతని కాఫీ చల్లారేలోగా ఫోను మోగింది.

"తాతయ్యా, ఇంకో మూడు పాటలున్నాయట. వేణువు వాయించినాయన్ని రేపు స్టూడియోకి రమ్మంటున్నారు."

"వణుకు సంగతి చెప్పావా?"

"చెప్పాను. అదే కావాలట. మనిషి ఊపిరిలా ఉందట."

"అయితే బల్ల మోయడానికి ఇద్దర్ని పిలు."