కింది ఫ్లాట్ దుషాన్

ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రాసరీ ముందు ఆపిన కారులో భార్యాభర్తలిద్దరే ఉన్నారు. అతను ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో డేటా అనలిస్ట్. ఇంజిన్ ఆపినా స్టీరింగ్ వదలలేదు.

"కింది ఫ్లాట్ దుషాన్‌ని మా క్లబ్ వాళ్ళు వేరే ఊరి క్లబ్‌కి ట్రేడ్ చేసేస్తున్నారు. సోమవారం దాకా ఎవరికీ తెలియకూడదు."

"సెర్బియాలో మొదలుపెట్టి, బెల్జియం, టర్కీ అన్నీ తిరిగొచ్చాడు. ఇదే నా ఆఖరి క్లబ్ అన్నాడు పాపం."

"ఇక్కడి లీగ్‌లో ట్రేడ్ చేయడానికి ప్లేయర్‌ని అడగక్కర్లేదు. మిడ్‌ఫీల్డ్‌లో మునుపటిలా పరిగెత్తట్లేదని రిపోర్ట్ ఇచ్చింది నేనే."

"రేపు వాళ్ళు ఇక్కడే పక్కన కాపెల్‌లో ఇల్లు కొనడానికి సైన్ చేస్తున్నారు."

"తెలుసు. కానీ బయటికి పొక్కిందంటే నా జాబ్ పోతుంది, దాంతోపాటే వీసా. వాళ్ళావిడకి నువ్వేం చెప్పకు."

"పొద్దున్నే చెప్పాను, సైన్ చేయొద్దని."

"నీకెలా తెలుసు?"

"రోజూ ఇంటికి రాగానే దుషాన్ అలా ఆడాడు, ఇలా ఆడాడు అంటావ్. నిన్న అతని ఊసే లేదు. నాకు భయమేసింది."

అతని ఫోన్ మోగింది.

"దుషానే."

"మాట్లాడు."

"ఏం చెప్పమంటావ్?"

"నిన్న నువ్వు నాకు చెప్పలేకపోయిందే చెప్పు."