పార్థసారథి మాస్టారు చెప్పమన్న సంగతి

మాస్టారి భార్య రాజరాజేశ్వరమ్మ గారికి, ఇంత ఎండలో నందిగామ నుంచీ పెనుగంచిప్రోలు నుంచీ జగ్గయ్యపేట దాకా వచ్చి ఈ హాల్లో కూర్చున్న మాస్టారి శిష్యులందరికీ నమస్కారం. పార్థసారథి మాస్టారు పోయి పదకొండు రోజులైంది. మనకి లెక్కలు నేర్పిన మనిషి ఇక లేరు.

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్ళందరూ ఒకే మాట అన్నారు. "ఆయన బెత్తమే మమ్మల్ని మనుషుల్ని చేసింది." మీరు తలలూపారు. నేనూ ఊపాను. కానీ, పెద్దలారా, ఆ మాట నాకు గొంతు దిగలేదు.

పోయిన నెల ఆస్పత్రి నుంచి మాస్టారు కబురు పెట్టారు. వెళ్ళాను. "నా సంతాప సభలో అందరూ మంచే చెబుతారమ్మా. రోజారమణి సంగతి నువ్వు చెప్పు" అన్నారు. రాజరాజేశ్వరమ్మ గారూ, మీ ముందు అది చెప్పాలంటే నాకు కష్టంగానే ఉంది. చెప్పకపోతే ఆయనకిచ్చిన మాట తప్పినట్టే.

తొమ్మిదో తరగతిలో నేను లీడర్ని. బెత్తం తెచ్చే పని లీడర్ది. సన్నగా, బాగా వంగే చింతబరికె ఏరి మరీ తెచ్చేదాన్ని, మాస్టారు మెచ్చుకుంటారని. ఒకరోజు రోజారమణి ఆలస్యంగా, రెండో పీరియడ్‌కి వచ్చింది. చేతులు చాపమంటే చాపలేదు, వెనక్కి దాచుకుంది. పొగరనుకున్నారు మాస్టారు. నాలుగు దెబ్బలు ఎనిమిదయ్యాయి. ఆ పిల్ల పొద్దున్నే మిరపకోతకి వెళ్ళొచ్చిందని, అరచేతులు అప్పటికే మంటెత్తిపోతున్నాయని ఆయనకి తెలియదు.

నాకు తెలుసు. ఇద్దరిదీ ఒకే బెంచీ. ఎందుకు చెప్పలేదు?

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. వారం చూసి మాస్టారే వాళ్ళింటికి వెళ్ళారు. తప్పు ఒప్పుకుందామని వెళ్ళిన మనిషికి, వాళ్ళ నాన్న జ్ఞానయ్య గారు ఎదురు దణ్ణం పెట్టారట. "మా పిల్లదే తప్పు సారూ. చేర్పించిన్నాడే చెప్పాగా, కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండని." ఆ మాట ఒక్క జ్ఞానయ్య గారిదేనా? మన నాన్నల్లో అననిదెవరు?

ఆ తర్వాత మాస్టారు మళ్ళీ బెత్తం పట్టలేదు. అదేమీ తేలిగ్గా జరగలేదు. కోపమొస్తే చేతులు చంకల్లో పెట్టుకుని వరండాలోకి వెళ్ళి నిలబడేవారు. పిల్లలు నవ్వేవారు. "ఈ సారు మెత్తబడిపోయాడు, భయం లేకపోతే చదువెట్టా వస్తదండీ" అని పిల్లల్ని వేరే బడికి మార్చిన వాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారు.

దెబ్బల వల్లే నాకు చదువొచ్చిందా? ఏమో, తెలియదు. దెబ్బల వల్ల ఆగిపోయిన చదువు ఒకటి మాత్రం నాకు తెలుసు.

రోజారమణి వెనక వరసలోనే ఉంది. ఆమెని అడిగే ఇదంతా చెబుతున్నాను. "చెప్పుకో. నన్ను మాత్రం స్టేజీ ఎక్కించబాక" అంది. మాస్టారిని క్షమించావా అని అడగబోయి ఊరుకున్నాను. అది అడిగే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మాస్టారి కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. దయచేసి అందరూ లేవండి. రోజారమణీ, నీకు లేవాలనిపించకపోతే కూర్చునే ఉండు. మిగతావాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడొద్దు.