మంచం మాస్టారి మూడు రోజుల పాఠం

1993వ సంవత్సరం జూలై ఐదవ తేదీన మా భాషా శిక్షణ కేంద్రంలో స్పానిష్ అధ్యాపకులుగా చేరిన నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు, ముప్పై రెండు సంవత్సరాలు ఒకే తరగతి గదిని అంటిపెట్టుకుని ఉన్న మా మిత్రులను ఇక్కడ ఎవరూ అసలు పేరుతో పిలవరు. అందరికీ వారు మంచం మాస్టారే.

తొలి ఐదేళ్లు వారు పర్యాటక సంస్థల ఉద్యోగులకు బోధించారు. తదుపరి, విదేశాలలో వృద్ధుల సంరక్షణకు వెళ్లేవారి కోసం ప్రత్యేక తరగతి ప్రారంభమైనప్పుడు, మేమంతా తప్పించుకున్న ఆ బాధ్యతను తామే కోరి స్వీకరించారు. వారం తిరగకముందే ఒక ఇనుప మడత మంచాన్ని మోసుకొచ్చి బోర్డు ముందు వేశారు. మరొకరిని పడుకోబెట్టడానికి స్పానిష్‌లో ‘అకోస్తార్’ అంటారు. తాను పడుకోవడానికి ‘అకోస్తార్సే’. తక్కిన అధ్యాపకులు పావుగంటలో ముగించే ఈ రెండు క్రియలకు వారు మూడు రోజులు కేటాయించేవారు. ప్రతి విద్యార్థీ క్రియను పలుకుతూ తోటివారిని పడుకోబెట్టాలి. అంతకుముందు తాను మరొకరి చేతుల మీదుగా పడుకుని తీరాలి.

అప్పట్లో కాలపట్టిక నా చేతిలో ఉండేది. పాఠాలు వెనకబడుతున్నాయని నాకు ఒళ్లు మండేది.

“ఇది తరగతా, ఆసుపత్రి వార్డా మాస్టారూ?” అని నలుగురిలో అడిగాను.

“మీరూ ఓసారి పడుకుని చూడండి సార్” అన్నారు నవ్వుతూ.

నేను పడుకోలేదు. పైగా మంచాన్ని సామాన్ల గదికి పంపమని రెండుసార్లు ఉత్తర్వు రాశాను. రెండుసార్లూ వారు మోసుకెళ్లి, మర్నాడు మళ్లీ మోసుకొచ్చారు.

ఆరేళ్ల క్రితం మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చాక, వెనక్కి వాలాలంటేనే హడలిపోయి, తొమ్మిది రోజులు కుర్చీలోనే ఉండిపోయింది. కాళ్లు వాచిపోయాయి. ఇలాగే కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు హెచ్చరించారు. నేను ముట్టుకోబోతే కేకలు పెట్టేది. సంగతి తెలిసి మాస్టారు ఆదివారం ఉదయమే మా ఇంటికి వచ్చారు.

“అమ్మా, ముందు మీ అబ్బాయిని పడుకోబెడదాం. మీరు చూస్తూ ఉండండి” అన్నారు.

నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, మెడ వెనక ఒక చేయి, మోకాళ్ల కింద ఒక చేయి వేసి వెనక్కి వాల్చారు. వెనుక ఏముందో కనబడలేదు. యాభై రెండేళ్లవాణ్ణి, వారి చొక్కా గట్టిగా పట్టేసుకున్నాను.

అమ్మ నవ్వింది. “చూశావా? నాకూ అంతేరా. నువ్వేమో బస్తాను ఎత్తినట్టు మీదకొస్తావు!”

“ఇప్పుడు మీరు పట్టుకోండి సార్. ఒక్కో పనీ ముందు ఆవిడకి చెప్పండి, తర్వాతే చెయ్యండి” అన్నారు మాస్టారు.

“అమ్మా, మెడ వెనక చెయ్యి వేస్తున్నా... ఇప్పుడు కాళ్లు పైకి తీస్తున్నా” అంటూ పడుకోబెట్టాను. దుప్పటి కప్పేలోగా నిద్రపోయింది. నేను వరండాలోకి వచ్చి ఏడ్చాను.

అటుపై విభాగాధిపతిగా నాలుగేళ్లు మమ్మల్ని నడిపించి, ఆ హోదాలో కూడా సంరక్షకుల తరగతిని మరొకరికి అప్పగించని మాస్టారు, సహధర్మచారిణితోనూ పిల్లలతోనూ నిండు నూరేళ్లు సుఖసంతోషాలతో వర్ధిల్లాలని, ఒకరి చేయి పట్టుకోవలసిన అవసరమే వారికి రాకూడదని మనసారా కోరుకుంటున్నాను. ఒకవేళ వస్తే, వారి పిల్లలకు నాదొక మనవి: ముందు నాకు కబురు చేయండి.