కృపమ్మగారి ఫోన్ మోగలేదు

ఆ నంబర్‌ని నేను బ్లాక్ చేశానండీ, ఉమగారూ. ఈ మాట ఇంతవరకూ మా అమ్మతో కూడా అనలేదు. మీరు అడిగారు కాబట్టి, ఏలూరు రైలు ఎలాగూ ఆలస్యం కాబట్టి, అంటున్నాను.

పొద్దున్నుంచీ కాలేజీ యాప్‌ల పోటీలో ప్రతి టీమునీ ఒకటే ప్రశ్న అడిగానన్నారు కదా. నిజమే. "ఇందులో ఇప్పుడు ఎవరి నంబర్ ఉంది?" అని రేషన్ బియ్యం యాప్ చేసిన పిల్లల్ని కూడా అడిగాను. పాపం, ఆ గళ్ళ చొక్కా కుర్రాడు నేనింకేదో ఉద్దేశంతో అడిగాననుకుని, సిగ్గుపడుతూ తన నంబర్ చెప్పేశాడు. మీరు నవ్వాపుకోలేక కాగితాలు అడ్డం పెట్టుకున్నారు, చూశాను లెండి.

మీకేమండీ, సర్వీసంతా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మార్కులెయ్యడం మీకు మంచినీళ్ళ ప్రాయం. నేను ఇంటర్ తప్పిన దాన్ని. మా బాబాయి జిరాక్స్ షాపులో కూర్చుని, ఫోన్లో వీడియోలు చూస్తూ కోడింగ్ నేర్చుకున్నాను. ఇవాళ రైస్ మిల్లులకీ ఐస్ ఫ్యాక్టరీలకీ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాననుకోండి. అయినా కిందటేడు ఈ కాలేజీ వాళ్ళు మొదటిసారి జడ్జిగా పిలిచినప్పుడు నా కాళ్ళు నేలమీద ఆగలేదు. కొత్త చీర కట్టుకుని వచ్చాను. వచ్చాక భయం పట్టుకుంది. తప్పు పట్టకపోతే, ఈవిడకేం తెలుసు అనుకుంటారేమోనని.

ఆ భయంలో ఉండగా తన టీముతో నా ముందుకి వచ్చింది నిస్సీ అనే పిల్ల. మీరప్పుడు లేరు, కిందటేడు వేరే సార్ ఉండేవారు. నిస్సీది కలిదిండి పక్కన పల్లెటూరు. చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలటండీ, లేకపోతే గాలి చాలక రొయ్య చచ్చి తేలిపోతుందట. వాటిని చూసుకుంటూ గట్టు మీద పాకలో ఒక్క మనిషి ఉంటాడు. కాళ్ళ కింద తడి, చేతి కింద కరెంటు. వాడికేదైనా అయితే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

అందుకని ఆ పిల్లలు చేసింది చాలా చిన్న పని. రాత్రి కాపలా మనిషికి కంప్యూటరే ఫోన్ చేస్తుంది. ఆయన ఎత్తి ఒకటి నొక్కాలి. నొక్కకపోతే ఇంట్లోవాళ్ళకి ఫోన్ వెళుతుంది. ఆ తర్వాత ఆయన పలికితే, పలికాడని ఇంకో ఫోన్. అంతే. బొమ్మల్లేవు, రంగుల్లేవు.

వాళ్ళ చర్చికి వచ్చే అబ్బులుగారనే కాపలా ఆయన ఫోన్లో అప్పటికే నడుస్తోందట. నేను నమ్మలేదు. వాడేవాళ్ళతో మాట్లాడాలన్నాను. అబ్బులుగారి భార్య కృపమ్మగారికి నా ఫోన్లోంచే చేయించాను.

"ఇదివరకు టార్చిలైటు పట్టుకుని గట్టుదాకా వెళ్ళి చూసొచ్చేదాన్నమ్మా. ఇప్పుడు పడుకుంటున్నాను. ఫోను మోగలేదంటే ఆయన బాగున్నట్టే కదమ్మా," అంది ఆవిడ.

ఎంత మెత్తటి గొంతనుకున్నారు. హాల్లో అందరూ వింటున్నారని కూడా తెలియదావిడకి.

నేనక్కడితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఆయన ఎత్తకపోతే ఏమవుతుందో నా కళ్ళముందు చూపించమన్నాను. నిస్సీ కృపమ్మగారి నంబర్ తీసి నాది పెట్టింది. అబ్బులుగారిని ఎత్తొద్దన్నారు. నా ఫోన్ మోగింది. నిస్సీ రికార్డు చేసిన గొంతే. "అబ్బులుగారు ఫోన్ ఎత్తడం లేదు. దయచేసి ఒకసారి చూడండి." అందరూ చప్పట్లు కొట్టారు. నాకెందుకో ఒళ్ళు మండింది.

నిస్సీ పాత నంబర్ పెట్టబోతుంటే ఆపాను. ఒక్కసారి పనిచేస్తే చాలదు, నాలుగు రోజులు నాదే ఉండనీ, నేను స్వయంగా చూస్తానన్నాను. ఆ పిల్ల తటపటాయించింది.

"మరి ఆంటీకో మేడమ్?"

"రెండు నంబర్లు పెట్టలేవా?"

"ఇప్పటికి ఒక్కటే పడుతుంది మేడమ్."

అయితే అది లోపం, అని రాసుకున్నాను. మార్కులు కోశాను కూడా. చూడండి ఉమగారూ, ఒక్క మనిషికే చోటుందని మార్కులు కోసి, ఆ ఒక్క చోట్లో నేను కూర్చున్నాను.

వాళ్ళకి ప్రైజు రాలేదు. తర్వాత నిస్సీ మెసేజ్ పెట్టింది. ఓడిపోయిన పిల్లలు మార్కుల గురించి బతిమాలుతూ పెడుతుంటారు కదా, అదే అనుకుని తెరవలేదు. చాలా ఆలస్యంగా చూశాను. "మీ టెస్టింగ్ అయిపోయిందా మేడమ్, నంబర్ మార్చమంటారా?" అని ఉంది. నేను మార్చమంటేగానీ మార్చదండీ ఆ పిల్ల. జడ్జిని కదా.

ఆ... అదే చెప్తున్నాను. ఫోన్లు వచ్చాయి. రోజూ కాదు, అప్పుడప్పుడూ. ఆయన కునుకు తీసేవాడో, ఛార్జింగు అయిపోయేదో. మొదట "ఎత్తడం లేదు" అని ఒకటి. కాసేపటికి "అబ్బులుగారు పలికారు, కంగారు పడకండి" అని ఇంకొకటి. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత, ఎలా చెప్పను, అలవాటైపోయింది. ఆ రెండో ఫోన్ కోసం కాచుకునేదాన్ని. ముక్కూ మొహం తెలియని మనిషి పలికాడంటే నాకు హాయిగా ఉండేది. నాకసలే నిద్ర తక్కువ. అది విన్నాక పట్టేసేది. మెసేజ్ చూశాక కూడా నిస్సీకి మార్చమని చెప్పకపోవడానికి ఇంకే కారణమూ లేదండీ. నాలుగు రోజులన్నది నెలలయింది.

తుపాను పట్టిన రోజుల్లో ఒకసారి మొదటి ఫోన్ వచ్చింది. మా వీధిలో కరెంటు లేదు. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. "దయచేసి ఒకసారి చూడండి" అంది నిస్సీ గొంతు. చూడాల్సిన మనిషిని నేనే కదా. రెండోది వస్తుందిలే అనుకుని ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను.

రాలేదండీ.

తెల్లారింది. పాలవాడు వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. రాలేదు. అప్పుడైనా కృపమ్మగారికి చెయ్యాలి. వేలు అక్కడిదాకా వెళ్ళింది కూడా. వెళ్ళి, ఆ కంప్యూటర్ నంబర్‌ని బ్లాక్ చేసింది. ఇంకేం వినక్కర్లేకుండా.

ఎందుకని మీరడగలేదు, అయినా చెప్తాను. మళ్ళీ మోగి ఎవరైనా ఆరా తీస్తే, ఆ రాత్రి ఫోన్ వచ్చినా నేను చూడలేదన్న మాట అందరికీ తెలుస్తుందని.

పేపరా? జిల్లా పేజీ చూడ్డం మానేశానండీ. చెరువు గట్టు మీద కరెంటు కొట్టిందనే వార్త ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది కదా. టీకొట్టు దగ్గర ఎవరైనా పేపరు విప్పితే అటు తిరిగి నిలబడేదాన్ని. రొయ్యల కూర వండితే తినను. అమ్మ ఒంట్లో వేడి చేసిందేమోనని మజ్జిగ తాగిస్తుంది. ఎక్కడైనా ఫ్యాను గరగరమంటే ఏరేటరే అనిపిస్తుంది, నేనెప్పుడూ ఏరేటరు చప్పుడు దగ్గర్నుంచి విన్నదాన్ని కాకపోయినా.

ఇవాళ మధ్యాహ్నం మీరు పులిహోర తింటుంటే నేను బయటికెళ్ళాను, గుర్తుందా? బ్లాక్ తీసి, అది ఆపేసిన కాల్స్ ఏమున్నాయో చూశాను. ఆ తెల్లారిన తర్వాత ఒక్క ఫోనూ రాలేదు. ఒక్కటీ లేదు. మొదట ప్రాణం లేచొచ్చింది. బాగానే ఉన్నాడన్నమాట, లేకపోతే మోగేది కదా అనుకున్నాను.

అనుకున్నాక గుర్తొచ్చింది ఉమగారూ. కృపమ్మగారూ అదేగా అన్నది.

ఆ పిల్లలు అంతా తీసేసుంటారు, ఆయన వేరే చెరువుకి మారుంటాడు, సర్వర్ ఆగిపోయుంటుంది. నాకూ తెలుసండీ. ఇలాంటివి ఇన్నాళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను, మీకంటే బాగా చెప్పగలను. అవన్నీ నిజం కావచ్చు. ఆ రాత్రి ఆయన ఇక పలకనేలేదన్నది కూడా కావచ్చు.

నిస్సీనా? హైదరాబాదులో ఉద్యోగంలో చేరిందట. ముందు దాన్ని అడిగితే తేలిగ్గా తెలుస్తుందంటారు. తెలుస్తుంది. కానీ దానికి చేస్తే, ఏం జరిగి ఉన్నా, "నంబర్ మార్చాల్సింది నేనే మేడమ్" అంటుంది. ఆ పిల్ల అలాంటిది. నేను కాదనను, చూడండి. అక్కడికి తప్పు దాని మీదకి పోయి తీరిపోతుంది నాకు. అందుకే దానికి చెయ్యను.

కృపమ్మగారి నంబర్ ఇందులోనే ఉంది. "జడ్జింగ్, యూజర్" అని పెట్టుకున్నాను, పేరు కూడా రాయలేదు.

ఏం మాట్లాడతానంటే... ముందు నా పేరు చెప్తాను. ఆ రోజు హాల్లోంచి మాట్లాడింది నేనేనంటాను. మీ ఫోన్ మోగకుండా చేసింది కూడా నేనేనంటాను. ఆయన ఎలా ఉన్నారని మాత్రం ముందు అడగను. అడిగి, బాగున్నారంటే, మిగతాది చెప్పకుండా పెట్టేస్తానేమోనని.

కాస్త ఈ సంచి పట్టుకోండి. రైలొస్తే మీరెక్కెయ్యండి ఉమగారూ, నా కోసం చూడకండి. ఆవిడకి చేస్తున్నాను.