వాన కోసం పెట్టే నిప్పు

సభాధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు కేశవ గారికి, ముఖ్య అతిథి సర్పంచి తిమ్మప్ప గారికి, తోటి ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన అమ్మలకు, అక్కలకు, వెనక బెంచీల మీద గుసగుసలాడుతున్న నా పిల్లకాయలకు నమస్కారం. ఒరేయ్ రామాంజీ, ఈల ఊదమంటావా? (నవ్వులు)

రిటైరవుతున్నానని ఇంతసేపూ నన్ను పొగిడారు. కేశవ గారైతే శాంతమూర్తి అని కూడా అన్నారు. గ్రౌండులో నా అరుపులు భరించలేక ఇన్నేళ్లూ కిటికీలు మూసుకుని పాఠం చెప్పుకున్న మనిషి ఆ మాట అంటే నాకే నవ్వొచ్చింది. (నవ్వులు) శాంతం నాకు చేతకాదు. ఇవాళ అసలే కాదు.

పిల్లల్ని పరిగెత్తించడం డ్రిల్లు మాస్టరుగా నా పని. ఇప్పుడు ఆ పని చేయాలంటేనే భయమేస్తోంది. వెనకటికి చలి శివశివా అంటూ శివరాత్రికి పోయేది, ఇప్పుడు అంతకుముందే చెప్పాపెట్టకుండా పోతోంది. ఎండలు ముదిరి, వానలు వెనకబడి, విత్తనం పడని చేలన్నీ బోడిగా పడివుంటే, గాలి లేచినప్పుడల్లా ఆ మన్నంతా మన గ్రౌండు మీదికొస్తోంది. వాన పడిందా, ఏడాది వానంతా ఒక్క పూటే కుమ్మరించి చెరువుకట్ట తెంపుకుపోతోంది. వాతావరణం మారిపోతోందని టీవీలో చెబితే చానల్ మారుస్తాం, ఎక్కడో మంచుకొండల గోలలే అనుకుంటాం. ఏమప్పా, మీ బిడ్డల ఊపిరితిత్తుల గోల అది! రెండు రౌండ్లు పరిగెత్తితే పిల్లలకు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఇంటికి కబురు పెడితే, "దుమ్ము దగ్గు సారూ, మిరియాల కషాయం తాపిచ్చినాం, పోతాదిలే" అంటారు.

దీనికి తోడు మన తెలివొకటి. వాన రావడం లేదని బోడికొండకు నిప్పు పెడతాం. కొండ మీది బోదగడ్డి కాలితే ఆ పొగ పైకెళ్లి మబ్బు కడుతుందని తాతలనాటి నమ్మకం. తాతలు కరువొచ్చిన ఏడు మాత్రమే పెట్టేవాళ్లు. ఇప్పుడు కరువు ఏటా వస్తోంది, మనమూ ఏటా పెడుతున్నాం. ఉన్న నాలుగు పొదలూ కాల్చేసి, మబ్బును రమ్మని పిలుస్తున్నాం.

పోయినేడు కొండకు నిప్పు పెట్టిన సాయంత్రం గాలి ఊరివైపు తిరిగింది. ఖోఖోలో జిల్లా జట్టుకు ఎంపికైన మన లహరి గ్రౌండులో పరిగెత్తుతున్నది ఉన్నట్టుండి కూలబడింది. పెదాలు నీలంగా మారాయి. మాట రాక, నా చొక్కా పట్టుకుని నోరు తెరిచి నా మొహంలోకి చూసింది. ఆటోలో అనంతపురం చేరేదాకా ఆ పిల్ల చొక్కా వదల్లేదు. అక్కడి డాక్టరు బతికించాడు. ఉబ్బసమన్నాడు, పీల్చే మందు రోజూ వాడమన్నాడు, మళ్లీ అంత పొగ తగిలితే తాను హామీ ఇవ్వలేనన్నాడు. ఊరికి రాగానే మీరేమన్నారు? "ఆ మందు అలవాటైతే సచ్చేదాకా వదలదంట సారూ!" పొగ అలవాటు కావచ్చట, మందు మాత్రం అలవాటు కాకూడదట!

ఎల్లుండి ఆదివారం మళ్లీ నిప్పు పెడతారని దండోరా వేయించారు. మన ఊళ్లో ఆ నిప్పు ఎవరింటిదంటే వాళ్లింటిది పనికిరాదు. చౌడమ్మ పొయ్యిలో నిప్పే కొండకు పోవాలి, తరాలుగా అదే ఆనవాయితీ. ఆ చౌడమ్మ లహరికి అవ్వ. అవ్వ ఇచ్చిన నిప్పే మనవరాలి ప్రాణం మీదికి తెచ్చింది!

నిన్న వాళ్లింటికి పోయి, ఈసారి నిప్పు ఇవ్వొద్దని అరిచాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు మాత్రం ఇయ్యాలని ఉండాదా సారూ? వాన రాకుంటే చౌడమ్మ నిప్పు ఇయ్యలేదు, అందుకే రాలేదని ఊరంతా నన్నే అంటాది. రేపు కూలికి ఎవురు పిలుస్తారు? యాడికి పోవాల నేను?" అంది. ఆమె భయం వానదేవుడికి కాదయ్యా, మీకు!

కేశవ గారూ, చొక్కా లాగకండి. టైమైందని నాకూ తెలుసు.

తిమ్మప్పన్నా, ఈ మైకు తీసుకోండి. చౌడమ్మ నిప్పు ఇవ్వకపోయినా ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనరని చెప్పండి, చాలు.

(సర్పంచి మైకును పక్కకు నెడతారు)

"చూద్దాంలే సారూ" అంటున్నారు. ఏం చూస్తారన్నా? పోయినేడు చూసింది చాలలేదా? పోనీ మిగతావాళ్లు? ఓట్లడిగినవాళ్లు, డిగ్రీలు చదివినవాళ్లు? ఇందాక నాకు చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఇప్పుడు ఒళ్లో పెట్టుకున్నారే! ఈ ఊళ్లో పనిచేశానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది నాకు.

సరే. చౌడమ్మా, లేవద్దు, కూర్చునే విను. ఆదివారం పొద్దున్నే వచ్చి నీ పొయ్యిలో నేనే నీళ్లు పోస్తాను. ఆ పూట మీకు సంగటి మా ఇంటి నుంచి వస్తుంది. నిప్పు కోసం ఎవరొచ్చినా, డ్రిల్లు సారు ఆర్పేసినాడని చెప్పు. అయ్యా, అందరూ వినండి. ఈ ఏడు వాన రాకపోతే రానియ్యకుండా చేసింది నేను. తిట్టాలనుకున్నవాళ్లు నా గడపకు రండి. బత్తలపల్లెలో ఇల్లు కట్టుకున్నాను, వచ్చే నెల పోదామనుకున్నాను. పోను. వానలు పడేదాకా మీ తిట్లు తింటూ ఈడనే ఉంటా.

ఇన్నేళ్లు నా నోటిని భరించినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. బడికి మాత్రమే నా సెలవు.